గేమింగ్ ఫోన్ ఉంటే పీసీ అక్కర్లేదా? బెంగళూరులో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, బీటీఎం, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్లు జీతం పడిన వారంలో అడిగే ప్రశ్నలివి. ఊళ్లో ఇంటర్ చదువుతూ ఇక్కడ ఉద్యోగం చేసే అన్నతో ఫోన్ కొనిపించుకుందామని చూసే తమ్ముళ్లవి కూడా కొన్ని కలిపాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

ఒక్క మాటలో చెప్పన్నా, గేమింగ్ ఫోన్ పీసీతో పోటీ పడగలదా?

పడలేదు. అలాగని ఫోన్ చిప్ చేతకానిదేం కాదు, ఇప్పటి ఫోన్లలో ఉన్న చిప్‌లు నిజంగానే అద్భుతం. వాటిని పూర్తి వేగంతో గంటల తరబడి నడపనివ్వని చోట పెట్టారు, అదీ చిక్కు. చేతిలో పట్టుకునే గాజు పలకలోంచి ఎంత వేడి బయటికి పోగలదో, గేమ్ అంతే నడుస్తుంది. ఇక మీరు ఆడే గేమ్ ఫోన్ కోసమే చేసిందైతే పోటీ అన్న మాటే రాదు, ఫోనే కొనండి.

మరి బెంచ్‌మార్కుల్లో ఫోన్ చిప్ ల్యాప్‌టాప్‌లని దాటేస్తోందిగా?

దాటేస్తోంది, అబద్ధం కాదు. 2024 అక్టోబర్‌లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌లో రెండు పెద్ద కోర్లు 4.32 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తాయి, చాలా ల్యాప్‌టాప్‌లకి అది కుళ్లు పుట్టించే సంఖ్య. కానీ బెంచ్‌మార్క్, అంటే చిప్ వేగం కొలిచే పరీక్ష, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, మనం శనివారం రాత్రి కూర్చుంటే లేచేది ఎప్పుడో మీకే తెలుసు. యూట్యూబ్‌లో రివ్యూ చూసేటప్పుడు స్కోర్ దగ్గర ఆగిపోకుండా 3డీమార్క్ వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ చేశారేమో వెతకండి. ఒకే సీన్‌ని 20 రౌండ్లు, దాదాపు 20 నిమిషాలు ఆపకుండా తిప్పుతుంది, చివర్లో స్టెబిలిటీ అని ఒక శాతం ఇస్తుంది. 95 వచ్చిందంటే ఫోన్ నిలబడినట్టు. 55, 60 వచ్చిందంటే మొదటి రౌండ్‌లో చూపించిన ప్రతాపం చివరికి సగమైపోయిందని అర్థం. విచిత్రం ఏంటంటే, ఈ టెస్టులో లక్ష రూపాయల ఫోన్ కన్నా ముప్పై వేల ఫోన్ బాగా నిలబడిన సందర్భాలు చాలా ఉంటాయి, ఎందుకంటే దాని చిప్‌కి మొదటి నుంచీ అంత ఆవేశం లేదు కాబట్టి అంత వేడీ లేదు.

అసలు తేడా ఎంతుంటుంది, అంకెల్లో చెప్పు?

వాట్లలో చూడండి, ఇట్టే తెలిసిపోతుంది. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060, అంటే ఆ తరంలో మధ్యతరగతి గ్రాఫిక్స్ కార్డు, ఒక్కటే 115 వాట్లు తీసుకుంటుంది. 2025లో వచ్చిన 5090 అయితే 575 వాట్లు. ఫోన్ సంగతి చూస్తే, 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండే మొత్తం శక్తి సుమారు 19 వాట్-అవర్లు. ఆ 4060 కార్డుని మీ ఫోన్ బ్యాటరీతో నడిపితే పది నిమిషాల్లో బ్యాటరీ ఖాళీ, అదీ ప్రాసెసర్, స్క్రీన్ ఏవీ లెక్కలోకి తీసుకోకుండా. ఫోన్ చిప్ ఎక్కువసేపు తట్టుకోగలిగేది కొద్దిపాటి వాట్లే, అంతకు మించితే చెయ్యి కాలుతుంది. పిండి కొద్దీ రొట్టె.

మెమరీ లెక్క ఇంకోటి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. 4060లో గ్రాఫిక్స్ కోసం విడిగా 8 జీబీ ఉంటుంది, సెకనుకి 272 గిగాబైట్లు అటూ ఇటూ తిరుగుతాయి. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 లాంటి టాప్ ఫోన్ చిప్‌లో అది సుమారు 77, దాన్ని కూడా ప్రాసెసర్, గ్రాఫిక్స్, డిస్‌ప్లే, వెనకాల ఆగకుండా వచ్చే వాట్సాప్ గ్రూపులు అన్నీ కలిసి పంచుకోవాలి. అందుకే ఫోన్లలో పెద్ద గేములు చాలావరకు స్క్రీన్ రిజల్యూషన్ కన్నా తక్కువలో గీసి, సాగదీసి చూపిస్తాయి. ఆరున్నర అంగుళాల స్క్రీన్ మీద మన కంటికి అంతగా ఆనదు, ఫోన్ వాళ్ల అదృష్టం అదే.

ఫ్యాన్ ఉన్న ఫోన్లు వచ్చాయిగా, అప్పుడు వేడి సమస్య పోయినట్టేగా?

కొంత పోతుంది. రెడ్ మ్యాజిక్ వాళ్లు 2019లోనే లోపల చిన్న ఫ్యాన్ పెట్టి ఫోన్ అమ్మారు, ఇప్పటికీ పెడుతున్నారు. వెనక క్లిప్ చేసుకునే కూలర్లు కూడా పనిచేస్తాయి, ముఖ్యంగా కరెంటుతో ఒక వైపు చల్లబడే పెల్టియర్ ప్లేట్ ఉన్నవి, వట్టి ఫ్యాన్ ఉన్నవి కాదు. కానీ ఈ పెల్టియర్ కూలర్‌తో ఒక జాగ్రత్త. వానాకాలంలో, లేదా చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్లో, అరగంట ఆడాక కూలర్ తీసి చూస్తే ఫోన్ వెనక గాజు మీద ఐస్‌క్రీం డబ్బా మీద పట్టినట్టు సన్నటి చెమ్మ కనిపిస్తుంది. ఆ తడి చార్జింగ్ రంధ్రం వైపు జారకుండా చూసుకోవాలి. తుడిచి, కాసేపు వదిలేసి, అప్పుడు చార్జింగ్ పెట్టండి.

నేను ఆడేది బీజీఎంఐ ఒక్కటే. నాకు పీసీ ఎందుకు?

అక్కర్లేదు. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్ బ్యాన్ అయినప్పుడు, 2021లో బీజీఎంఐగా వచ్చి 2022 జులైలో మళ్లీ స్టోర్ల నుంచి మాయమైనప్పుడు, ఆ గేమ్ కోసమే ఖరీదైన ఫోన్ కొన్నవాళ్ల మొహాలు నేను దగ్గర నుంచి చూశాను, 2023 మేలో తిరిగొచ్చే దాకా వాళ్లతో మాట్లాడలేకపోయాం. కాబట్టి ఒక్క గేమ్‌ని నమ్ముకుని ఎనభై వేలు పెట్టకండి, ఇది నా మొదటి సలహా.

రెండోది, ఈ గేమ్‌లో ఫోన్‌కే పైచేయి. జైరో (ఫోన్ వంపుని పసిగట్టే సెన్సర్) ఆన్ చేసి మణికట్టు కొంచెం వంచి స్ప్రే కంట్రోల్ చేసే కుర్రాళ్లని చూడండి, బొటనవేళ్లు నడవడానికి, చూపుడువేళ్లు కాల్చడానికి, రీకాయిల్, అంటే తుపాకీ వెనక్కి తన్నే కుదుపు, అంతా మణికట్టుకి. మౌస్‌తో ఆడేవాడికి ఈ సుఖం ఉండదు. పైగా ఎమ్యులేటర్ (పీసీలో ఫోన్ యాప్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి పీసీలో ఆడదామంటే బీజీఎంఐ ఒప్పుకోదు, అకౌంట్ పోగొట్టుకుంటారు.

కావాల్సిందల్లా 90 లేదా 120 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) ఆప్షన్ మీ ఫోన్ మోడల్‌కి గేమ్‌లో తెరిచి ఉందా లేదా అన్నది. ఫోన్ డిస్‌ప్లే 120 హెర్ట్జ్ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన గేమ్ సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ వస్తుందని లేదు. కొనేముందు అదే మోడల్ వాడుతున్న ఫ్రెండ్ దగ్గర గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తెరిపించి చూడండి. మిగిలిన డబ్బుల్లో ఒక జత ఫింగర్ స్లీవ్స్ కొనుక్కోండి, చెమట వేళ్లకి వాటంత ఉపకారం ఏ చిప్పూ చెయ్యదు.

వాలొరెంట్, సీఎస్2 (కౌంటర్ స్ట్రైక్ 2) లాంటి షూటర్ గేములు ఆడాలంటే?

పీసీ. ఇక్కడ చర్చే లేదు. మంచి సంగతి ఏంటంటే వాలొరెంట్ చాలా తేలికైన గేమ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు మెషీన్ మీద కూడా ఆడుకోదగ్గ వేగంతో నడుస్తుంది. డబ్బులు కార్డు మీద కన్నా మౌస్, 144 హెర్ట్జ్ మానిటర్ మీద పెడితే తేడా కనిపిస్తుంది. సీఎస్2 కొంచెం బరువు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చా?

వద్దు బాబూ. వాలొరెంట్‌తో పాటు వచ్చే వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ సిస్టమ్ బూట్ అయినప్పటి నుంచే కెర్నెల్ స్థాయిలో, అంటే విండోస్ లోతుల్లో, కూర్చుంటుంది. మీ ఐటీ వాళ్లకి అది కనపడదనుకుంటున్నారా? అసలు చాలా కంపెనీల్లో అడ్మిన్ హక్కులే ఇవ్వరు, ఇచ్చినా ఉద్యోగం కన్నా ర్యాంకు ఎక్కువ కాదు.

ఐఫోన్‌లో రెసిడెంట్ ఈవిల్ లాంటి గేములే వచ్చాయంటున్నారు, అది పీసీ గేమ్ కాదా?

అవును, అసలు గేమే, కత్తిరించిన మొబైల్ వెర్షన్ కాదు. 2023లో ఐఫోన్ 15 ప్రోతో పాటు ఏ17 ప్రో చిప్ వచ్చాక రెసిడెంట్ ఈవిల్ విలేజ్, రెసిడెంట్ ఈవిల్ 4, డెత్ స్ట్రాండింగ్, అస్సాసిన్స్ క్రీడ్ మిరాజ్ ఫోన్‌లోకి వచ్చాయి. వెలుగునీడల్ని నిజంలా గీసే రే ట్రేసింగ్‌కి హార్డ్‌వేర్ కూడా ఆ చిప్‌లో ఉంది, ఆండ్రాయిడ్ వైపు స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 నుంచే ఉంది. చూడ్డానికి నోరెళ్లబెట్టేలా ఉంటాయి. కానీ రిజల్యూషన్ తగ్గించి నడుస్తాయి, టచ్ బటన్లతో ఆడటం నరకం, కంట్రోలర్ తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యం, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని గేములే ఉన్నాయి. పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో ఉన్నవి వేలకి వేలు.

నా లెక్కలో ఫోన్ ఓడిపోయేది చిప్ దగ్గర కన్నా ఇక్కడే ఎక్కువ. పెద్ద గేమ్ చేసేవాడు ఫోన్ కోసం మళ్లీ కష్టపడాలంటే ఫోన్‌లో ఆడేవాళ్లు దానికి తగ్గ డబ్బు పెట్టాలి. ఫోన్ వాడే జనం ఒక్కో గేమ్‌కి మూడు వేలు పెట్టి కొనే రకం కాదు, ఉచితంగా దించుకుని స్కిన్‌లకి (పాత్రల, తుపాకుల అలంకారాలకి) పెట్టే రకం. ప్రపంచం మొత్తం గేముల ఆదాయంలో సుమారు సగం మొబైల్ నుంచే వస్తున్నా ఈ పరిస్థితి మారలేదు, ఎందుకంటే ఆ సగం వచ్చేది వేరే రకం గేముల నుంచి.

విన్‌లేటర్ వేస్తే పీసీ గేములు ఆండ్రాయిడ్‌లో నడుస్తాయటగా?

నడుస్తాయి, దీనికి నేను ఫ్యాన్‌ని. విండోస్ ప్రోగ్రాములని నడిపే వైన్, పీసీ ప్రాసెసర్ భాషని ఫోన్ ప్రాసెసర్‌కి అర్థమయ్యేలా మార్చే బాక్స్64, ఈ రెండిటినీ కలిపి ఒక యాప్‌లో పెట్టారు. పాత గేములు, చిన్న ఇండీ గేములు హాయిగా ఆడుకోవచ్చు. స్నాప్‌డ్రాగన్ ఫోన్ అయితేనే మేలు, ఎందుకంటే వాటి అడ్రినో గ్రాఫిక్స్‌కి టర్నిప్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది, మాలీ గ్రాఫిక్స్ ఉన్న ఫోన్లకి అంత భాగ్యం లేదు. కాకపోతే ఒక గేమ్ ఆడటానికి ముందు సాయంత్రమంతా సెట్టింగ్స్‌తో కుస్తీ పడటం మీకు సరదా అయ్యుండాలి. యాంటీ చీట్ ఉన్న ఆన్‌లైన్ గేముల జోలికి పోకండి.

గేమ్ ఎక్కడో సర్వర్‌లో నడిచి వీడియోగా వచ్చే క్లౌడ్ గేమింగ్ ఉండగా ఇవన్నీ ఎందుకు?

పీజీ వైఫైలో ఒకసారి ప్రయత్నించి చూసి చెప్పండి. రాత్రి తొమ్మిదికి నలభై మంది ఒకే రౌటర్ మీద క్రికెట్ చూస్తుంటే సెకనుకి 60 ఫ్రేములు మీ గదిదాకా ఎలా వస్తాయి? సొంతంగా ఫైబర్ లైన్ ఉంటే కథ వేరు, నెమ్మదిగా సాగే సింగిల్ ప్లేయర్ గేములకి క్లౌడ్ పర్వాలేదు. షూటర్లకి మాత్రం వద్దు. గూగుల్ అంతటి వాళ్లే తమ క్లౌడ్ గేమింగ్ సర్వీసు స్టేడియాని 2023 జనవరిలో మూసేశారు, మన దేశానికి అది రానే లేదు.

దీనికన్నా నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. గదిలో పీసీ ఉంటే దాన్నే మీ సొంత క్లౌడ్ చేసుకోవచ్చు. పీసీలో సన్‌షైన్, ఫోన్‌లో మూన్‌లైట్ అనే యాప్‌లు వేయండి, లేదా సింపుల్‌గా స్టీమ్ లింక్. పీసీని రౌటర్‌కి ల్యాన్ కేబుల్‌తో కలపాలి, ఫోన్ 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉండాలి, ఈ రెండూ చేస్తే ఆలస్యం దాదాపు తెలియదు. ఒక టెలిస్కోపిక్ కంట్రోలర్‌లో ఫోన్ బిగించి మంచం మీద పడుకుని పీసీ గేమ్ ఆడుకోవచ్చు, ఫోన్ వేడెక్కదు, ఎందుకంటే అది వట్టి వీడియో చూపిస్తోందంతే. ఇలా వాడుకోవడానికి పదిహేను వేల ఫోన్ కూడా సరిపోతుంది.

ఫోన్‌కి మానిటర్, కీబోర్డ్, మౌస్ తగిలిస్తే పీసీ అయిపోదా?

ముందు మీ ఫోన్ నుంచి వీడియో బయటికి వస్తుందో లేదో చూసుకోండి. మధ్య ధర ఫోన్లలో టైప్ సీ రంధ్రం ఉన్నా లోపల యూఎస్‌బీ 2.0నే ఉంటుంది, దాన్నుంచి డిస్‌ప్లే రాదు. వచ్చినా, చాలా మొబైల్ గేములు మౌస్‌ని పట్టించుకోవు, కొన్ని అడాప్టర్లు వాడితే బ్యాన్ చేస్తాయి.

185 హెర్ట్జ్ స్క్రీన్, 24 జీబీ ర్యామ్, ఇవి కావాలా?

వద్దు. 60 నుంచి 120కి వెళ్తే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్ల నుంచి 8.3కి దిగుతుంది, అది తెలుస్తుంది. 144 నుంచి 185కి వెళ్తే ఒకటిన్నర మిల్లీసెకన్ తేడా, గేమ్ సపోర్ట్ చేస్తేనే. ర్యామ్ 12 దాటితే మొబైల్ గేమ్‌కి ఒరిగేదేం లేదు. "ర్యామ్ ఎక్స్‌పాన్షన్" అని రాసి ఉంటే అది స్టోరేజ్‌లో ముక్క, ర్యామ్ కాదు.

నా దగ్గర 90 వేలున్నాయి. గేమింగ్ ఫోనా, పీసీనా?

మీకు ఫోన్ ఇప్పటికే ఉండి ఉంటుంది కదా, పనిచేస్తుంటే దాన్నే వాడుతూ మొత్తం పీసీకి పెట్టండి. ఫోన్ పోయిందా, 25 నుంచి 30 వేలలో మంచి కూలింగ్ ఉన్న మామూలు ఫోన్ తీసుకుని మిగిలిన దానితో చిన్న పీసీ కట్టించండి, తర్వాత పెంచుకోవచ్చు. నేను గట్టిగా వద్దనేది లక్ష దరిదాపుల్లో ఉండే "గేమింగ్" అని పేరు రాసిన ఫోన్ని. భుజాల దగ్గర ట్రిగ్గర్లు, వెనక లైట్లు, పక్క నుంచి చార్జింగ్ రంధ్రం, అన్నీ బాగుంటాయి. కానీ మూడేళ్ల తర్వాత దానిలో ఏదీ మార్చలేరు, పీసీలో కార్డు తీసి ఇంకోటి పెట్టొచ్చు.

ఇంకో భయం కూడా ఉంది. ఈ వ్యాపారంలో కంపెనీలు నిలబడట్లేదు. రేజర్ 2017లో వచ్చి రెండు ఫోన్లతో ఆపేసింది, లెనోవో 2020లో లీజియన్ ఫోన్ తెచ్చి 2023లో మానేసింది. శాంసంగ్, గూగుల్ తమ పెద్ద ఫోన్లకి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంటున్న రోజుల్లో గేమింగ్ ఫోన్ల వాళ్లు చాలా పిసినారితనం చూపిస్తారు.

ఇప్పుడు పీసీ కొంటే ఒక చేదు సంగతి తెలిసుండాలి. ఏఐ డేటా సెంటర్ల ధాటికి 2025 చివర్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. పాత వీడియోల్లో చూసిన లెక్కలు పట్టుకుని వెళ్తే షాపులో గుండె జారుతుంది, ఆ రోజు ధర కనుక్కుని వెళ్లండి.

బెంగళూరు కంప్యూటర్ బజార్ ఎస్పీ రోడ్‌లో కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

చిక్‌పేట మెట్రోలో దిగితే నడిచిపోవచ్చు, బండి మాత్రం తీసుకెళ్లకండి, పార్కింగ్ దొరికేలోపు షాపులు మూసేస్తారు. ఆదివారం వెళ్లొద్దు, చాలావరకు మూసే ఉంటాయి. ముందు రోజు రాత్రి పార్టులన్నీ రాసుకుని ఆన్‌లైన్ ధర పక్కన వేసుకోండి, ఆ కాగితం చేతిలో ఉంటే బేరం రెండు మాటల్లో తేలిపోతుంది. నాలుగైదు షాపులు తిరిగి ఒకే చోట మొత్తం తీసుకుంటే అసెంబుల్ చేసే డబ్బులు అడగకపోవచ్చు. కన్నడం రాకపోయినా భయం లేదు, హిందీ, తెలుగు, ఇంగ్లీషు కలిపి ఏదో ఒకటి నడిచిపోతుంది.

మోసం జరిగేది ఎక్కువగా పవర్ సప్లై దగ్గర. కార్డు, ప్రాసెసర్ పేర్లు అందరికీ తెలుసు కాబట్టి వాటిని మార్చరు, "ఎస్‌ఎంపీఎస్ ఏదైనా ఒకటే సార్" అని పేరూ ఊరూ లేనిది పెట్టేస్తారు. అది పోతే ఒంటరిగా పోదు, బోర్డునీ వెంట తీసుకుపోతుంది. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) ముద్ర ఉన్న తెలిసిన కంపెనీదే అడగండి. డబ్బాల సీల్ మీ ముందే తెరవమనండి, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం.

సెకండ్ హ్యాండ్ కార్డు చవగ్గా ఇస్తానంటే, అది క్రిప్టో మైనింగ్‌లో అరిగిపోయిందేమో అనుమానించండి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియమ్ అనే క్రిప్టో, కార్డులతో మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారాక ఇలాంటివి గుట్టలుగా బజార్లోకి వచ్చాయి. కార్డు పెట్టి కనీసం అరగంట గేమ్ నడిపి చూపించమనండి. చూపించనంటే పక్క షాపు.

పీజీలో పీసీ పెట్టుకోనిస్తారా? కరెంటు బిల్లో?

ఓనరు మన నెల్లూరు ఆయనే అయినా కరెంటు దగ్గర చుట్టరికం పనిచెయ్యదు, ముందే అడగండి. 4060తో కట్టిన పీసీ, మానిటర్ కలిపి గేమ్ ఆడేటప్పుడు 300 వాట్ల చుట్టూ ఉంటుంది అనుకుంటే, రోజూ మూడు గంటలకి నెలకి 27 యూనిట్లు. గీజర్ ముందు అదెంత అని వాదించొచ్చు. సొంతంగా ఇల్లు అద్దెకి తీసుకుని గృహజ్యోతి (కర్ణాటక ఉచిత కరెంటు పథకం) వస్తున్నవాళ్లు మాత్రం చూసుకోండి, ఉచితం అనేది మీ పాత సగటు వాడకం మీద పది శాతం దాకా, అదీ 200 యూనిట్ల లోపే.

కరెంటు పోయినప్పుడు సేవ్ చేసుకుని ఆపేంత టైం ఇవ్వడానికి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. ఏడాదికోసారి గది మారే రకమైతే మైక్రో ఏటీఎక్స్ బోర్డు, చిన్న క్యాబినెట్ తీసుకోండి, ఆటోలో పడుతుంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే?

గదులు మారేవాళ్లకి, ఊరికి తీసుకెళ్లాలనుకునేవాళ్లకి అదే సరి. ఒక్కటి చూడండి, ల్యాప్‌టాప్ 4060కి కంపెనీ ఇచ్చే పవర్ 35 నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఉండొచ్చు, పేరు మాత్రం ఒకటే. స్పెసిఫికేషన్ పేజీలో టీజీపీ (గ్రాఫిక్స్‌కి ఇచ్చే పవర్) అని వెతకండి, రాయకపోతే తక్కువని అర్థం చేసుకోండి.

గేములు కొనాలిగా, పీసీలో ఆ ఖర్చు ఎక్కువ కదా?

కొత్త గేమ్ మొదటి రోజే కొంటే ఎక్కువే. ఎవరు కొనమన్నారు? స్టీమ్ సేల్ వచ్చేదాకా ఆగితే సగం, పావు ధరకి వస్తాయి. ఎపిక్ స్టోర్ ప్రతి వారం ఉచితంగా ఇస్తుంది, 2020 మేలో జీటీఏ 5నే ఇచ్చేసింది. ఫోన్ గేమ్ ఉచితం అనుకునేవాళ్లు తమ యూపీఐ హిస్టరీలో యూసీ (బీజీఎంఐలో వాడే డబ్బు) కొన్న మొత్తం ఒకసారి కూడి చూసుకోండి.

చార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ పాడవుతుందా?

బ్యాటరీకి వేడే శత్రువు. చార్జింగ్ వేడి, గేమ్ వేడి కలిస్తే త్వరగా ముసలిదవుతుంది. కొన్ని ఫోన్లలో బైపాస్ చార్జింగ్ ఉంటుంది, కరెంటు బ్యాటరీకి వెళ్లకుండా నేరుగా ఫోన్‌కి వెళ్తుంది. గంటల తరబడి ఆడేవాళ్లు ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెళ్ల కన్నా ముందు అడగాల్సింది ఇదే. గేమ్ మోడ్ సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల దాక్కుని ఉంటుంది, ఉన్నా ఆన్ చేసుకోనివాళ్లే ఎక్కువ.

రెండేళ్లు ఆగితే ఫోన్లు పీసీని అందుకుంటాయా?

ఇవాళ్టి ఫోన్ పదేళ్ల కిందటి పీసీలు ఆడిన గేములు ఆడేస్తోంది, కాబట్టి ఆ లెక్కన అందుకుంటూనే ఉంటుంది. ఈలోపు పీసీ ముందుకెళ్లిపోతుంది. నాకు ఆసక్తిగా ఉన్నది మధ్యలో పుట్టిన మూడో రకం. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ చిప్ 15 వాట్లలో పీసీ గేములని చేతిలో ఆడించింది, లోపల ఫ్యాన్ ఉంది, ఫోన్ కన్నా లావు, జేబులో పట్టదు. మెట్రోలో ఆడుకోవాలని మీ కోరికైతే, లక్ష పెట్టి ఫోన్ కొనేముందు ఇలాంటి హ్యాండ్‌హెల్డ్ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. మన దగ్గర స్టీమ్ డెక్‌ని కంపెనీ నేరుగా అమ్మదు, బయట నుంచి తెప్పించినదానికి వారంటీ మీద ఆశ వద్దు, ఆసుస్ ఆర్ఓజీ ఆలీ లాంటివి మాత్రం షోరూముల్లోనే దొరుకుతాయి.